అమెరికా చరిత్రలో నిజంగా ప్రభావం చూపిన మహిళ ఎవరు? అందరికీ తెలిసిన పేర్లు కాకుండా చెప్పండి

కాకినాడ_కాజా
అందరికీ నమస్కారం. మా పాప ఇక్కడ న్యూజెర్సీలో ఐదో తరగతి. మార్చి అంటే ఇక్కడ మహిళల చరిత్ర నెల కదా, స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికా చరిత్రలో ఒక మహిళను ఎంచుకుని, ఆవిడలా వేషం వేసుకుని, తల్లిదండ్రుల ముందు రెండు నిమిషాలు మాట్లాడాలి. రోజా పార్క్స్, హెలెన్ కెల్లర్, అమీలియా ఇయర్‌హార్ట్ మొదటి రోజే అయిపోయారు, ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరు తీసుకోకూడదట. టీచర్ పెట్టిన షరతు ఏంటంటే, ఆవిడ చేసిన పని ఈ రోజుకీ జనం జీవితంలో కనబడాలి, ఊరికే ఫేమస్ అయితే చాలదు. వికీపీడియా లిస్టులు చూసి చూసి తల తిరిగిపోయింది. ఒక పేరు చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
మార్తా వాషింగ్టన్. తలకి పౌడర్ కొడితే వేషం అయిపోయింది.

కాకినాడ_కాజా
బాబూ, నేను అడిగింది ప్రభావం, మేకప్ కాదు.

డల్లాస్_డబ్బా
ఫ్రాన్సెస్ పెర్కిన్స్. ఈ షరతుకి ఇంకో పేరు అక్కర్లేదు. మీ పే స్టబ్, అదే జీతం చీటీ, తీసి చూడండి, సోషల్ సెక్యూరిటీ అని, అంటే ముసలితనపు పింఛను పథకానికి, 6.2 శాతం కోత ఉంటుంది. ఆ లైను అక్కడ ఉండటానికి ముఖ్య కారణం ఆవిడే. ఓవర్‌టైమ్, కనీస వేతనం, నిరుద్యోగ భృతి, పిల్లల చేత ఫ్యాక్టరీల్లో పని చేయించకూడదన్న రూలు, వీటన్నిటి వెనకా ఆవిడ చెయ్యి ఉంది. 1933 నుంచి 1945 దాకా పన్నెండేళ్ళు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దగ్గర కార్మిక శాఖ మంత్రి. అమెరికా కేబినెట్‌లో కూర్చున్న మొట్టమొదటి ఆడమనిషి.

మంత్రి పదవి ఇస్తామంటే ఎగిరి గంతేసి ఒప్పుకోలేదు. రూజ్‌వెల్ట్ దగ్గరికి ఒక లిస్టు పట్టుకుని వెళ్ళింది. వారానికి నలభై గంటలు, కనీస వేతనం, వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి, బాలకార్మికుల నిషేధం, ఆరోగ్య బీమా, ఇవన్నీ చేయనిస్తేనే వస్తాను అంది. ఆయన సరే అన్నాడు. ఆరోగ్య బీమా తప్ప దాదాపు అన్నీ చేసి చూపించింది. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టే ప్రతి ఒక్కరికీ ఆ మిగిలిన ఒక్కటి ఏంటో బాగా తెలుసు.

బెజవాడ_బుల్లోడు
అంటే నా జీతంలోంచి డబ్బు కోసేది ఈవిడన్నమాట. పదేళ్ళు పనిచేస్తే గానీ, నలభై క్రెడిట్లు వస్తే గానీ పింఛను రాదు. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కేసే ఒప్పందం కూడా ఇండియాతో అమెరికాకి లేదు. హెచ్‌1బీ మీద ఆరేళ్ళు కట్టి వెనక్కి వెళ్ళిన మా బావ డబ్బు హుళక్కి. ప్రభావం అంటే ఇదే, ఒప్పుకుంటున్నా.

డల్లాస్_డబ్బా
తమ్ముడూ, నీ బావ బాధ న్యాయమైనదే, కానీ అది రెండు దేశాలు కూర్చుని తేల్చుకోవాల్సిన ఒప్పందం. 1965లో చనిపోయిన ఆవిడ ఏం చేస్తుంది?

అట్లాంటా_అత్తమ్మ
పాప ప్రాజెక్టు కాబట్టి పెర్కిన్స్ గురించి ఒక సంగతి చెప్తాను, పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పక్కన తెలిసినవాళ్ళింట్లో టీకి వచ్చి కూర్చుంది. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. ఫైరింజన్ల గంటలు వినబడి బయటికి పరుగెత్తింది. ట్రయాంగిల్ అనే బ్లౌజుల ఫ్యాక్టరీ, భవనంలో ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తులు. ఫైర్ వాళ్ళ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. లోపల ఒక తలుపుకి తాళం, అమ్మాయిలు గుడ్డముక్కలు దొంగిలించుకు పోతారేమోనని యజమానుల భయం. కిటికీల్లోంచి అమ్మాయిలు దూకుతుంటే ఆవిడ కింద నిలబడి చూసింది. మొత్తం 146 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఇటలీ నుంచి వచ్చిన అమ్మాయిలు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు అమ్మాయిలు, పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు కూడా ఉన్నారు. యజమానుల మీద కేసు పెడితే నిర్దోషులని వదిలేశారు.

తర్వాత ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేశారు. అందులో పనిచేస్తూ ఈవిడ ఏం చేసిందంటే, రాష్ట్ర శాసనసభ పెద్దమనుషుల్ని దగ్గరుండి ఫ్యాక్టరీలకు తీసుకెళ్ళింది. రాబర్ట్ వాగ్నర్ అని పెద్ద నాయకుడు, ఆయన చేత గోడలో ఉన్న చిన్న కంతలోంచి పాకించి, అవతల మంచు గడ్డకట్టిన ఇనప నిచ్చెన చూపించింది. అదే అక్కడి అగ్నిప్రమాదపు దారి అట! రిపోర్టు చదివితే ఎవడికి గుర్తుంటుంది, మోకాళ్ళు గీరుకుపోతే గుర్తుంటుంది. అదే వాగ్నర్ తర్వాత సెనేటర్ అయ్యి 1935లో సోషల్ సెక్యూరిటీ బిల్లు సెనేట్‌లో పెట్టాడు.

కాకినాడ_కాజా
అత్తమ్మ గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఈ ముక్క రేపే పాపకి చెప్తాను. ఫొటోల్లో ఆవిడ ఎప్పుడూ మూడు మూలల టోపీలోనే ఉంది, కారణం ఏమైనా ఉందా?

అట్లాంటా_అత్తమ్మ
ఉంది, భలే కారణం. చిన్న వయసులో ఒక రాజకీయ నాయకుడు ఆవిడ ముందు మనసు విప్పి మాట్లాడుతూ వాళ్ళమ్మను తలుచుకున్నాడట. అప్పుడు ఆవిడకి వెలిగింది, మగవాళ్ళు అమ్మ మాటనే కాస్త వింటారు అని. అప్పటినుంచి నల్ల డ్రస్సు, ముత్యాల దండ, ఆ టోపీ, అచ్చం అమ్మలాగే. మగవాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుందో నోట్స్ రాసుకుని ఒక ఎర్ర కవర్లో దాచుకునేది. మన ఆఫీసుల్లో ఎంతమందికి ఆ కవర్ అవసరమో!

వరంగల్_వాణి
పెర్కిన్స్ మీద నాకూ గౌరవం ఉంది, కానీ పాపకి సగం కథే చెప్పొద్దు. 1935 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన చట్టంలో వ్యవసాయ కూలీలు లేరు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు లేరు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ రెండు పనుల్లో ఎక్కువ మంది నల్లజాతి వాళ్ళే. కంచం అందరికీ పెట్టి, వీళ్ళ దగ్గరికి వచ్చేసరికి గరిటె ఆపేశారు. కార్మికుల కోసం అంత చేసిన మనిషి దాన్ని ఎలా ఒప్పుకుంది?

డల్లాస్_డబ్బా
వాణి గారూ, ఈ చట్టం కోసం వేసిన ఆవిడ కమిటీ పంపిన ముసాయిదాలో వాళ్ళు ఉన్నారు. కాంగ్రెస్ ముందుకు వెళ్ళాక ట్రెజరీ మంత్రి మోర్గెంథావ్, పొలాల్లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయడం మా వల్ల కాదు అన్నాడు, దక్షిణాది సభ్యులకి అది బాగా కలిసొచ్చింది. మొత్తం బిల్లు పోతుందన్న భయంతో ఆవిడ మింగేసింది. అసలు ఆ కమిటీ మంత్రుల చేత ఆ ముసాయిదా తేల్చడానికే ఆవిడ ఏం చేసిందో తెలుసా? 1934 డిసెంబర్‌లో వాళ్ళందర్నీ తన ఇంటికి పిలిచి, టేబుల్ మీద స్కాచ్ బాటిల్ పెట్టి, ఫోన్ తీగ పీకేసి, తేలేదాకా ఎవరూ కదలడానికి లేదంది. అర్ధరాత్రి దాటాక తేలింది.

ఇంకో గమ్మత్తు. ఇంత పెద్ద పథకాన్ని సుప్రీం కోర్టు కొట్టేస్తుందేమో అని ఆవిడకి ఒకటే దిగులు. ఒక టీ పార్టీలో అదే కోర్టు జడ్జి హార్లన్ స్టోన్ పక్కన కూర్చుని ఆ మాట అంటే, పన్ను వేసే అధికారం మీద నిలబెట్టమ్మా అని ఆయన చెవిలో ఊదాడట. ఇది ఆవిడే తర్వాత చెప్పింది. అందుకే అది పే స్టబ్‌లో పన్నులాగా ఉంది, బుల్లోడు.

వరంగల్_వాణి
బిల్లు బతికింది, సరే. ఎవరి ఖర్చుతో బతికింది అన్నదే నా ప్రశ్న. ఇంట్లో రోజూ పనిచేసేవాళ్ళకి, పొలాల్లో నిలకడగా పనిచేసేవాళ్ళకి అది 1950లో గానీ దక్కలేదు. మిగతావాళ్ళలో చాలామందికి 1954. అంటే పదిహేను, ఇరవై ఏళ్ళు. ఆ మధ్యలో ముసలైపోయినవాళ్ళ సంగతేంటి? నేను క్లాసులో రూజ్‌వెల్ట్ కాలం చెప్పేటప్పుడు ఈ ముక్క దగ్గరే ఆగుతాను, పిల్లలు అడిగే మంచి ప్రశ్నలన్నీ ఇక్కడే వస్తాయి.

అట్లాంటా_అత్తమ్మ
వాణీ, నువ్వన్నది నిజం. ఆ వదిలేసిన ఆడవాళ్ళే తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలి కదా. మా ఊళ్ళో డొరతీ బోల్డెన్ అని ఉండేది, చిన్నప్పటినుంచి ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. 1968లో పనివాళ్ళందర్నీ కూడగట్టి జాతీయ స్థాయి సంఘం పెట్టింది. బస్సుల్లో వాళ్ళతో పాటు కూర్చుని మాట్లాడి చేర్పించేది, ఎందుకంటే పొద్దున్నే ఆ బస్సుల్లో ఉండేది వాళ్ళే. సంఘంలో చేరాలంటే రుసుముతో పాటు ఒకే ఒక్క షరతు, ఓటరుగా నమోదు చేయించుకోవాలి. దాంతో అట్లాంటా రాజకీయ నాయకులు ఈ పనిమనుషుల మీటింగులకు వచ్చి నిలబడాల్సి వచ్చింది. నేను ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాక గానీ ఆ పేరు వినలేదు, అది నాకు ఇప్పటికీ చిత్రంగానే ఉంటుంది.

బెజవాడ_బుల్లోడు
బస్సు అంటే గుర్తొచ్చింది, రోజా పార్క్స్ పాపకి దొరకలేదు గానీ, పాపం పనిచేసి అలిసిపోయి సీట్లోంచి లేవలేకపోయిన ఒక పెద్దావిడ ఇంత ఉద్యమం తేవడం గొప్పే కదా.

అట్లాంటా_అత్తమ్మ
అయ్యో బాబూ. మొట్టమొదట ఆవిడ పెద్దావిడ కాదు, నలభై రెండేళ్ళు. ఒళ్ళు అలిసిపోయి లేవలేదు అన్నది జనం కల్పించుకున్న కథ, దాన్ని ఆవిడే స్వయంగా కొట్టిపారేసింది. అప్పటికే పన్నెండేళ్ళుగా పౌరహక్కుల సంఘంలో పనిచేస్తోంది, మోంట్‌గామరీ శాఖకు కార్యదర్శి. 1944లో రీసీ టేలర్ అనే అమ్మాయిని ఆరుగురు అత్యాచారం చేస్తే విషయం సేకరించడానికి వెళ్ళింది ఈవిడే. బస్సు సంగతికి కొన్ని నెలల ముందే టెనెసీలో హైలాండర్ అనే శిక్షణ కేంద్రానికి కూడా వెళ్ళొచ్చింది. ఆ డ్రైవర్ జేమ్స్ బ్లేక్ కూడా కొత్తవాడేం కాదు, 1943లో ఇదే ఆవిడని ఇదే మనిషి బస్సు దింపేశాడు.

వరంగల్_వాణి
అత్తమ్మ గారు అందుకున్నారు కాబట్టి నేను పూర్తి చేస్తాను. రోజా పార్క్స్ అరెస్టు 1955 డిసెంబర్ 1. అంతకు తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ స్కూలు పిల్ల అదే ఊళ్ళో, అలాగే సీటు ఇవ్వనంది. ఈడ్చుకుపోయి కేసు పెట్టారు. నాయకులు ఆలోచించి, ఈ పిల్లని ముందు పెట్టి ఉద్యమం నడపలేం అనుకున్నారు, చిన్న వయసు, పేద కుటుంబం, అదే ఏడాది గర్భవతి కూడా అయింది. ఇక కరపత్రాల సంగతి. పార్క్స్ అరెస్టయిన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ లెక్చరర్ కాలేజీ సైక్లోస్టైల్ మెషిన్ దగ్గరికి వెళ్ళి, ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లారేసరికి వేల కొద్దీ కరపత్రాలు తీసింది, సోమవారం ఎవరూ బస్సు ఎక్కకండి అని. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, ఆ కాలేజీ ప్రభుత్వానిది. ఆవిడే అంతకు ఏడాదిన్నర ముందు, 1954 మే నెలలో మేయర్‌కి ఉత్తరం రాసింది, పద్ధతి మార్చకపోతే బస్సులు బహిష్కరిస్తామని. అంటే ఇది ఒక్క సాయంత్రం పుట్టిన ఉద్యమం కాదు.

చివరికి బస్సుల్లో వేరు వేరు సీట్లు రాజ్యాంగ విరుద్ధం అని తేల్చిన కేసు ఎవరిది? పార్క్స్‌ది కాదు. బ్రౌడర్ వర్సెస్ గేల్. అందులో వాదులు నలుగురు ఆడవాళ్ళు, ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, నాలుగోది ఆ పదిహేనేళ్ళ క్లాడెట్. నాయకులు పక్కన పెట్టిన పిల్లే కోర్టులో సాక్ష్యం చెప్పింది.

డల్లాస్_డబ్బా
381 రోజులు బస్సు ఎక్కకుండా నడిచారు, కార్లలో కలిసి వెళ్ళారు కదా. కార్లకి పెట్రోలు డబ్బు ఎక్కడిది అని నాకు ఎప్పుడూ అనుమానం.

అట్లాంటా_అత్తమ్మ
చర్చిల్లో విరాళాలు, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవి, వాటితో పాటు వంటింటి డబ్బు. జార్జియా గిల్మోర్ అని వంటమనిషి, బహిష్కరణ కేసులో కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పిందని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంట్లోనే వంట మొదలెట్టి, తోటి ఆడవాళ్ళతో కలిసి వేయించిన చికెన్, చేపలు, పైలు, కేకులు చేసి ఊరంతా అమ్మించింది. తెల్లవాళ్ళు కూడా కొనేవాళ్ళు, డబ్బు ఎటు పోతోందో తెలియకుండా. ప్రతి వారం మీటింగులో ఆవిడ లేచి నోట్ల కట్ట ఇస్తుంటే, ఎక్కడిదమ్మా అంటే ఎక్కడిదీ కాదు అనేది. వాళ్ళ బృందానికి పేరు కూడా అదే పెట్టుకున్నారు. వండినవాళ్ళ పేర్లు బయటికి వస్తే వాళ్ళ ఉద్యోగాలూ పోతాయి మరి.

కాకినాడ_కాజా
ఒక్క పేరు అడిగితే ఇక్కడ పది పేర్లు అయ్యాయి. నాకే ఏది వదలాలో తెలియడం లేదు.

ఫార్మాసిటీ
హైదరాబాద్ నుంచి నాదో ఓటు. ఇక్కడ మందుల కంపెనీలో క్వాలిటీలో పనిచేస్తాను. అమెరికా ఎఫ్‌డీఏ, అంటే అక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారంటే మా ప్లాంటులో ఎవరికీ నిద్ర ఉండదు, 483 అనే లోపాల కాగితం చేతిలో పెట్టి పోతారేమోనని టెన్షన్. ఆ ఆఫీసుకి ఈనాటి బలం రావడానికి ఒక కారణం ఫ్రాన్సెస్ కెల్సీ.

1960 ఆగస్టులో ఉద్యోగంలో చేరింది. మరుసటి నెలలోనే ఆవిడ టేబుల్ మీదికి ఒక ఫైలు వచ్చింది, థాలిడోమైడ్. నిద్రమాత్ర, జర్మనీలో అయితే ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు, గర్భిణులు వాంతులకి వాడుతున్నారు. చాలా దేశాల్లో మార్కెట్లో ఉంది. కొత్తగా వచ్చింది కదా, తేలిక ఫైలు అని ఆవిడకి ఇచ్చారు. అప్పటి రూలు ఏంటంటే అరవై రోజుల్లో ఎఫ్‌డీఏ ఏమీ అనకపోతే మందుకి ఆమోదం దానంతట అదే వచ్చేస్తుంది. ఈవిడేమో గడువు దగ్గర పడ్డప్పుడల్లా మీ డేటా అసంపూర్తిగా ఉంది అని ఉత్తరం రాసేది. కంపెనీ మళ్ళీ పెట్టాలి, లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. ఇలా ఎన్నిసార్లో. కంపెనీ వాళ్ళు ఫోన్లు, మీదపడి వాదించడాలు, పై అధికారులకి ఫిర్యాదులు, ఏమి చేసినా కదల్లేదు. మధ్యలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక డాక్టరు రాసిన చిన్న ఉత్తరం ఆవిడ కంటపడింది, ఈ మాత్ర ఎక్కువ కాలం వాడినవాళ్ళకి చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు పడుతున్నాయి అని. నరాల మీద పనిచేసే మందు కడుపులో బిడ్డకి ఏం చేస్తుందో చూశారా అని అడిగింది. వాళ్ళ దగ్గర జవాబు లేదు.

1961 చివరికి జర్మనీలో, ఆస్ట్రేలియాలో డాక్టర్లు అసలు సంగతి బయటపెట్టారు, చేతులూ కాళ్ళూ సరిగ్గా లేకుండా పిల్లలు పుడుతున్నారు అని. ప్రపంచం మొత్తం మీద పదివేల పైనే. అమెరికాలో మాత్రం చాలా తక్కువ మంది, వాళ్ళలోనూ చాలామంది కంపెనీ ట్రయల్ పేరుతో డాక్టర్లకి ముందే పంచేసిన మాత్రల వల్ల. 1962లో చట్టం మార్చారు. మందు పనిచేస్తుందని కూడా రుజువు చేయాలి, ట్రయల్‌లో మనిషి ఒప్పుకోలు తీసుకోవాలి. మేము ఈ రోజు నింపే కాగితాల్లో సగం ఆ మార్పు తాలూకువే. కాగితాలు నింపేటప్పుడు తిట్టుకుంటాం, అది వేరే విషయం.

గుంటూరు_ఘాటు
కెల్సీ కెనడా మనిషి కదా, అమెరికన్ ఎలా అవుతుంది?

ఫార్మాసిటీ
పుట్టింది బ్రిటిష్ కొలంబియాలో, తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకుంది. అలా అయితే ఈ థ్రెడ్‌లో సగం మంది పిల్లల తల్లిదండ్రులు కూడా అమెరికన్లు కారు. పైగా ఆవిడ అమెరికా రావడమే ఒక తమాషా. 1936లో చికాగోలో ప్రొఫెసర్ గైలింగ్‌కి ఉద్యోగం కోసం రాస్తే ఆయన ఫ్రాన్సెస్ అంటే మగపేరనుకుని మిస్టర్ ఓల్డమ్ (పెళ్ళికి ముందు ఆవిడ ఇంటిపేరు) అని జవాబు రాసి రమ్మన్నాడు. చెప్పాలా వద్దా అని తన ప్రొఫెసర్‌ని అడిగితే, పిచ్చిదానా, సంతకం పక్కన మిస్ అని పెట్టి వెళ్ళిపో అన్నాడట. వెళ్ళిన మరుసటి ఏడాదే సల్ఫనిలమైడ్ అనే మందు ద్రావణం తాగి వందమందికి పైగా, వాళ్ళలో చాలామంది పిల్లలు కూడా, చనిపోయారు. దాంట్లో విషం ఏదో కనిపెట్టిన ల్యాబ్ గైలింగ్‌ది. ఆ పనిలో ఈవిడా ఉంది. పాతికేళ్ళ తర్వాత ఆ ఫైలు ముందు మొండిగా కూర్చోవడం ఊరికే రాలేదు.

గుంటూరు_ఘాటు
సరే, ఒప్పుకున్నా. పుట్టిన ఊరు అడ్డం కాదంటే నా పేరు వినండి. డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరులో పెద్దవాళ్ళని ఎవర్ని అడిగినా కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలుసు. పెన్సిల్వేనియా మనిషి, ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో 1879లో డాక్టరయింది. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. తమాషా ఏంటంటే మిషన్ వాళ్ళు మొదట ఆవిడని డాక్టరుగా పంపలేదు, వైద్యం పని తర్వాత చూద్దాం అన్నారు. ఆవిడ మాత్రం మందులూ పనిముట్లూ వెంట తెచ్చుకుంది, జనం రావడం మొదలెట్టాక ఆపేదెవరు? 1898కి ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించని రోజుల్లో, కాన్పు కష్టమైతే దేవుడే దిక్కు అనుకునే రోజుల్లో. 1930లో గుంటూరులోనే పోయింది.

బెజవాడ_బుల్లోడు
ఇది గుంటూరు చరిత్ర అన్నా, అమెరికా చరిత్ర కాదు. పైగా మిషనరీ, మతం కూడా తెచ్చింది.

గుంటూరు_ఘాటు
మతం తేలేదని నేను అనలేదు. ఆసుపత్రికి సాయం చేసినవాళ్ళలో హిందూ జమీందారులూ ఉన్నారు, వాళ్ళింటి ఆడవాళ్ళకి వైద్యం చేసిందనే. నీ ఇంట్లో ముసలమ్మ ఎక్కడ పుట్టిందో ఒకసారి కనుక్కో, తర్వాత మాట్లాడదాం.

వరంగల్_వాణి
కొట్టుకోకండి. అమెరికా చరిత్ర కూడా ఇందులో ఉంది, ఆ కాలేజీ. 1850లో పెట్టారు, ఆడవాళ్ళని డాక్టర్లను చేయడానికే. ఈ కాలేజీ అమ్మాయిలు 1869లో ఫిలడెల్ఫియాలో పెద్దాసుపత్రికి పాఠం వినడానికి వెళ్తే మగ విద్యార్థులు అరుపులు, ఈలలు, మీద ఉమ్మేశారు కూడా. అమ్మాయిలు కదలకుండా కూర్చుని పాఠం విని వెళ్ళారు. మన ఆనందీబాయి జోషి 1886లో పట్టా తీసుకున్నది కూడా అక్కడే. ఒక్క మనిషి ప్రభావం కంటే ఇలాంటి కాలేజీ ప్రభావం ఎక్కువ అంటాను నేను, కానీ కాలేజీ వేషం పాప వేయలేదు.

మోడరేటర్
మతం మీదికి వెళ్ళొద్దు. ఇంట్లో ముసలమ్మల ప్రస్తావన కూడా వద్దు. విషయానికి రండి.

కాకినాడ_కాజా
పాపకి పెర్కిన్స్, కెల్సీ ఇద్దరి కథలూ చెప్పాను. పెర్కిన్స్ కావాలంది. తాళం వేసిన తలుపు సంగతి వినగానే వాళ్ళ స్కూలు ఫైర్ డ్రిల్ గుర్తొచ్చిందట, తలుపులు బయటికే ఎందుకు తెరుచుకుంటాయని అడిగింది. వాణి గారి ప్రశ్న కూడా చెప్పాను, ఆఖరి వాక్యం అదే పెడతానంటోంది, ఎవరిని వదిలేశారో. టీచర్ ఏమంటారో చూడాలి. అందరికీ చాలా థాంక్స్.

డల్లాస్_డబ్బా
భలే. మొదటి నెలవారీ చెక్కు ముక్క కూడా చెప్పమనండి, జనానికి నచ్చుతుంది. 1940 జనవరి 31, వెర్మాంట్‌లో ఐడా మే ఫుల్లర్ అనే రిటైరయిన ఆవిడకి 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ మూడేళ్ళలో కట్టింది మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. వందేళ్ళు బతికింది, 22 వేల డాలర్ల పైన తీసుకుంది. బుల్లోడి బావకి మాత్రం చెప్పకండి.

వరంగల్_వాణి
ఆ చట్టంలో ఇంకో మెలిక ఉండేది. భర్త పోతే పిల్లల్ని చూసుకునే భార్యకి డబ్బు వచ్చేది, భార్య పోతే భర్తకి వచ్చేది కాదు. సంపాదించేది మగాడు, ఇల్లు చూసేది ఆడది అన్న లెక్క మీద రాశారు. 1972లో న్యూజెర్సీలోనే పౌలా వీసెన్‌ఫెల్డ్ అనే టీచరు కాన్పులో చనిపోయింది. ఇంట్లో ఎక్కువ సంపాదన ఆవిడదే, అన్నేళ్ళూ పన్ను కట్టింది. బిడ్డని చూసుకుంటూ ఇంట్లో ఉంటానని భర్త స్టీఫెన్ అడిగితే, నువ్వు మగాడివి కాబట్టి రాదన్నారు. రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఆ కేసు సుప్రీం కోర్టులో వాదించి 1975లో గెలిచింది, ఒక్క జడ్జి కూడా వ్యతిరేకించలేదు. ఆడవాళ్ళ హక్కుల లాయరు మగవాడి తరఫున నిలబడటం ఏంటి అని అప్పట్లో కొందరు అన్నారు. ఆవిడ లెక్క సూటిగా ఉంది. పౌలా కట్టిన పన్నుకి మగవాడు కట్టిన పన్నుకున్న విలువ లేదా?

బెజవాడ_బుల్లోడు
ఇన్ని మంచి పేర్లు చెప్పారు కాబట్టి ఒక చేదు పేరు నేను చెప్తా. ఫిలిస్ ష్లాఫ్లీ. ప్రభావం అంటే మంచే అవ్వాలని టీచర్ అనలేదు కదా.

అట్లాంటా_అత్తమ్మ
ఇన్ని పోస్టుల్లో నీ నోట మొదటిసారి పనికొచ్చే మాట వచ్చింది.

డల్లాస్_డబ్బా
ఎవరావిడ?

బెజవాడ_బుల్లోడు
స్త్రీ పురుషులకి సమాన హక్కులు అని రాజ్యాంగ సవరణ, 1972లో కాంగ్రెస్ దాటింది. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. మొదటి ఏడాదిలోనే ముప్ఫై దాకా ఒప్పుకున్నాయి, ఇక అయిపోయింది అనుకున్నారు అందరూ. ఇల్లినాయ్ నుంచి ఈవిడ, ఆరుగురు పిల్లల తల్లి, ఇంట్లోంచి న్యూస్‌లెటర్ నడిపే మనిషి, దాన్ని ఆపింది. ఆవిడ మనుషులు శాసనసభ్యులకి ఇంట్లో చేసిన బ్రెడ్డూ జామూ తెచ్చి ఇచ్చి మరీ ఓటు వేయొద్దని అడిగేవాళ్ళు. 1982 గడువు వచ్చేసరికి 35 దగ్గర ఆగిపోయింది. గృహిణులారా ఇంట్లో కూర్చోండి అని చెప్తూ ఆవిడ మాత్రం దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చింది, ఆ మధ్యలోనే లా కూడా చదివేసింది.

వరంగల్_వాణి
సవరణ వస్తే భార్యలకి, వితంతువులకి సోషల్ సెక్యూరిటీలో ఉన్న రక్షణ పోతుంది అన్నది కూడా ఆవిడ ప్రచారంలో ఒక ముక్క. చూడండి, తిరిగి తిరిగి పెర్కిన్స్ చట్టం దగ్గరికే వచ్చాం. కోర్టు 1975లో వితంతువుకి ఉన్నది తీసేయలేదు, భార్య పోయినవాడికి కూడా ఇచ్చింది. అయినా భయం అమ్ముడుపోయింది.

డల్లాస్_డబ్బా
కానీ 2020లో వర్జీనియా ఒప్పుకుని 38 అయింది కదా? మధ్యలో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నది వెనక్కి తీసుకున్నాయి కూడా. మరి లెక్క ఎలా?

వరంగల్_వాణి
గొడవంతా అక్కడే ఉంది. గడువు అయిపోయాక వచ్చింది చెల్లుతుందా, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే చెల్లుతుందా అని లాయర్లు ఇంకా కొట్టుకుంటున్నారు. దీనికి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ ఐదో తరగతి ప్రాజెక్టు నడుస్తోంది.